గృహవాటిక: కొబ్బరికి ఇరువురు శత్రువులు



గోదావరి లంకలలో కొబ్బరిచెట్టును ఇంటికి పెద్దకొడుకని చెప్పుకొందురు. ఆ పెద్దకొడుకును పీడించు శత్రువులలో ఒకటి కాయను పట్టును, మఱియొకటి ప్రాణమునే పట్టును. ఈ భేదమును గృహిణి యెఱుగవలయునని మేము మనవిచేయుచున్నాము.

మొదటిది నల్లి. ఇది మంచపు నల్లి కాదు. కంటి కానరాని సూక్ష్మజీవి. మెక్సికో దేశపు గెరెరో సీమనుండి తెచ్చిన దానిని శాస్త్రజ్ఞులు 1965లో వర్ణించిరి. మన దేశమున 1998లో కేరళమందలి ఎర్నాకుళము జిల్లాలో బయటపడి, పిదప మన తీరమునకును వచ్చెను. ఇది ముచ్చిక క్రింద దాగి లేతకాయ రసమును పీల్చును; గాలివెంట చెట్టునుండి చెట్టునకు పోవును. ముచ్చిక యంచున తెల్లని ముక్కోణపు మచ్చ పుట్టి, కాయ పెరిగినకొలది గోధుమవన్నెకు తిరిగి పగుళ్లువాఱును. కొన్ని పిందెలు రాలును, కొన్ని కాయలు చిన్నవగును. అయినను చెట్టు చావదు. నల్లి లోని కొబ్బరిని ముట్టదు గనుక, మచ్చపడిన దని కాయను పారవేయుట తగదు.

లీటరు నీటికి వేపనూనె 20 మిల్లీలీటర్లు, 20 గ్రాముల వెల్లుల్లి నూఱి తీసిన రసము, సబ్బు 5 గ్రాములు కలిపి లేతగెలలపై చల్లింపవలయును. చెట్టునకు ఏటేట 5 కిలోల వేపపిండి వేయించిన మేలు.

రెండవది మొవ్వుకుళ్లు. వానలనాడు నడిమి మొవ్వాకు వన్నెతఱిగి వాడును. లాగినంతనే యూడివచ్చి దుర్గంధము కొట్టును. కొబ్బరికి మొవ్వొక్కటే. అరటివలె పిలక వేయదు, వేపవలె కొమ్మ చిగుర్పదు. అది కుళ్లెనా, చెట్టు పోయినట్లే. 20వ శతాబ్దారంభమున గోదావరి ప్రాంతపు తాటిచెట్లను ఈ తెగులే పాడుచేయగా, బట్లరను శాస్త్రజ్ఞుడు పరిశోధించి, దానికి మూలమైన బూజువంటి జీవికి 1907లో నామకరణము చేసెను. నాడు రోగపు తలలను నఱికి కాల్పించిరి.

తొలిదశలోనే కనుగొన్నచో కుళ్లినదంతయు గోకించి, బోర్డోముద్ద పూయించి, వాననీరు చొరకుండ కప్పింపవలయును. మైలుతుత్తము 100 గ్రాములు, సున్నము 100 గ్రాములు వేర్వేఱుగా అరలీటరు నీట కలిపి, ఆ రెంటిని చేర్చిన బోర్డోముద్ద యగును. లోహపాత్ర పనికిరాదు, మట్టికుండ శ్రేష్ఠము. మైలుతుత్తము విషము, పిల్లలకును వంటపాత్రలకును దూరముగ నుంచుడు. చచ్చిన చెట్టును నిలువనీయక కాల్పింపుడు. లేనిచో పొరుగుచెట్టునకు ముప్పు.

మేము చూచినంతలో, కాయమీది మచ్చకు కలతపడు ఇల్లాండ్రే మొవ్వును మఱచుచున్నారు. చెట్టెక్కుట మనకు సాధ్యము కాదు గాని అడుగుట సాధ్యమే. దింపువాడు దిగినపుడు కాయలెన్ని యని యడుగుటకు ముందు, మొవ్వెట్లున్నదని యడుగుడు.