మీ మంచికే!

జాఫర్ పనాహీ అనే ఇరాన్ దర్శకుడు 2006లో తీసిన ‘ఆఫ్‌సైడ్’ చూశారా? ఫుట్‌బాల్ తెలియకపోయినా ఫరవాలేదు, నాకూ తెలియదు. అసలు అందులో ఆట కనిపించేదే తక్కువ.

2005 జూన్‌లో టెహ్రాన్‌లోని ఆజాదీ స్టేడియంలో ఇరాన్, బహ్రెయిన్ మ్యాచ్. గెలిస్తే ఇరాన్ ప్రపంచకప్‌కి వెళ్తుంది. ఆడవాళ్లకి మాత్రం లోపలికి ప్రవేశం లేదు. (ఆజాదీ అంటే స్వేచ్ఛట, పేరు చూడండి!) మగవేషాల్లో దూరబోయిన కొందరమ్మాయిలు దొరికిపోతారు. వాళ్లని స్టేడియం గోడ పక్కనే బారికేడ్ల మధ్య నిలబెడతారు. అరుపులు వినిపిస్తాయి, ఆట కనిపించదు. కాపలా సైనికుడొకడు పాపం తొంగిచూసి కామెంటరీ చెబుతాడు.

ఒకమ్మాయికి బాత్రూమ్ అవసరం పడుతుంది. ఆడవాళ్లే రాని చోట ఆడవాళ్ల బాత్రూమ్ ఎందుకుంటుంది? ఒక ఆటగాడి పోస్టర్‌ని ముసుగులా ఆమె మొహానికి కట్టి, మగవాళ్లందర్నీ బయటికి తోలి, గోడల మీది రాతలు చదవద్దంటాడు సైనికుడు. కడుపుబ్బా నవ్వాను. అతను చెడ్డవాడేం కాదు. లోపల మగవాళ్లు బూతులు తిడతారు, మీ చెవిన పడకూడదు, మీ మంచికే అన్నది అతని వాదన. ఈ ‘మీ మంచికే’ మనిళ్లలో విననిదా? తిట్టేవాడి నోరు మూయించడం కష్టం, వినేదాన్ని ఇంట్లో కూర్చోబెట్టడం తేలిక.

మరి జపాన్‌తో మ్యాచ్‌కి ఆ దేశం ఆడవాళ్లు లోపల కూర్చున్నారుగా అని ఒకమ్మాయి నిలదీస్తుంది. వాళ్లకి మన భాష రాదు, తిట్లు అర్థం కావంటాడు. అంటే, తన దేశం జట్టుని చూడాలంటే పరాయి దేశంలో పుట్టి ఉండాలన్నమాట!

ఇంత బాధని నవ్వులాట చేశాడేమిటని అడిగేవాళ్లున్నారు. నేనొప్పుకోను. ఏడిపిస్తే అమ్మాయిల మీద జాలిపడి ఊరుకుంటాం. నవ్వుతున్నాం కాబట్టే, ఆ రూలుని అమలు చేసేవాడు కూడా జవాబు దొరక్క నీళ్లు నమలడం చూస్తాం. ఇరాన్‌లో ఈ సినిమాని నిషేధించారంటే ఆ నవ్వు ఎక్కడ తగిలిందో వాళ్లకి బాగానే తెలిసింది.

2019 సెప్టెంబరులో సహర్ ఖొదాయారీ అనే 29 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. ఆమె కూడా మగవేషంలో మ్యాచ్‌కి వెళ్లబోయి పట్టుబడింది. జైలుకి పంపుతారేమోనన్న భయంతో కోర్టు బయట నిప్పంటించుకుంది. మరుసటి నెల కంబోడియాతో మ్యాచ్‌కి అదే ఆజాదీ స్టేడియంలో ఆడవాళ్లకి టికెట్లిచ్చారు. ఇరాన్ 14-0తో గెలిచింది. అంత పెద్ద స్టేడియంలో వాళ్లకి దక్కినవి సుమారు 3,500 సీట్లు.