నరం కాలిస్తే కాలు పడిపోద్దా?

"నరంలో కరెంటు పెట్టి కాలుస్తరంటగా? కాలు పడిపోతే నన్నెవడు మోస్తడురా?" అంది అమ్మ, దోసె తిప్పుతూ.

కోదాడలో హైవే పక్కన మాదో టిఫిన్ బండి. ఇరవై ఏళ్లుగా తెల్లారకముందే అమ్మ పెనం ముందు నిలబడుతుంది. ఎడమ పిక్క మీద వానపాముల్లా మెలికలు తిరిగిన ఉబ్బులు. పొద్దుగూకేసరికి కాలు బండరాయే. "నరాలు తేలినయ్, అంతే" అని ఏదో బామ్ రాసుకుని పడుకునేది.

అసలు చిక్కంతా ఆ 'నరం' అనే మాటతోనే. సెలైన్ పెట్టేటప్పుడు నర్సు "నరం దొరకట్లేదు" అంటుంది. నడుం నుంచి కాల్లోకి లాగితే "నరం నొక్కుకుంది" అంటాం. మొదటిది రక్తం మోసే సిర, రెండోది స్పర్శ మోసే నాడి. రెంటికీ మనకు ఒకటే మాట! నాడిని కాలుస్తారనుకుని అమ్మ పక్షవాతం దాకా వెళ్లిపోయింది. నేనూ తక్కువేం కాదు, మొదట న్యూరాలజిస్టు కోసమే వెతికాను. నవ్వకండి.

సూర్యాపేటలో మొదట వెళ్లినచోట కాలు చూసీ చూడగానే ప్యాకేజీ రేటు చెప్పేశారు. స్కాన్ తర్వాత చూద్దామన్నారు. బయటికొచ్చేశాం. రెండోచోట డాక్టరమ్మ అమ్మను నిలబెట్టి డాప్లర్ స్కాన్ చేశారు. నిలబెట్టడం ఎందుకంటే, పాదం నుంచి గుండెకు ఎక్కాల్సిన రక్తం కిందికి జారిపోతోందా అన్నది అప్పుడే బాగా తెలుస్తుంది. సిరల్లో చిన్న చిన్న కవాటాలుంటాయి. నడిచినప్పుడు పిక్క కండరం రక్తాన్ని పైకి నెడితే, అది వెనక్కి రాకుండా ఇవి మూసుకుంటాయి. ఇవి పాడైతే రక్తం కిందే నిలిచి, సిర సాగి, ఉబ్బుతుంది.

ఇంకో సంగతి కూడా స్కాన్‌లోనే తేలాలి. కాలి రక్తంలో దాదాపు 90 శాతం లోపలి సిరల గుండానే పైకి పోతుంది. అవి బాగుంటే, పైన పాడైన సిరను మూసేసినా నష్టం లేదు. లోపల గడ్డకట్టి దారి మూసుకుపోయి ఉంటే మాత్రం పైదాన్ని ముట్టుకునే ముందు చాలా ఆలోచించాలి. అందుకే స్కాన్ లేని ప్యాకేజీ మాట వినగానే లేచి వచ్చేయండి.

ఇక ఆ 'కరెంటు' సంగతి. మోకాలి దగ్గర సూదిగుచ్చి, సన్నని గొట్టాన్ని స్కాన్‌లో చూస్తూ తొడపైదాకా పంపుతారు. సిర చుట్టూ మత్తుమందు కలిపిన నీళ్లు ఎక్కిస్తారు. నొప్పి తెలియదు, పక్క కండకు వేడి తగలదు. అమ్మకు వాడిన రకంలో గొట్టం కొసన 7 సెంటీమీటర్ల తీగచుట్ట ఉంటుంది. రేడియో తరంగాల శక్తితో అది 120 డిగ్రీలకు వేడెక్కుతుంది, ఒక్కోచోట 20 సెకన్లు. మన హీటర్ రాడ్డు లాంటిదే, కరెంటు ఒంట్లోకి పోదు. వేడికి సిర గోడలు ముడుచుకుని అతుక్కుపోతాయి. గజ్జల దగ్గర కోసి సిరను లాగేసే పాత ఆపరేషన్ అక్కర్లేదు. అమ్మ ఆరోజే నడిచింది.

అమ్మ భయం పూర్తిగా ఉత్తదని మాత్రం అనను. మోకాలి కింద ఆ సిరను ఆనుకునే నిజంగా ఒక నాడి ఉంటుంది. దానికి వేడి తగిలితే కొంతమేర తిమ్మిరి రావచ్చు. కాలు పడిపోదు. చర్మం కాలడం, గడ్డకట్టడం అరుదుగా జరుగుతాయి కాబట్టి పిక్క వాచి నొప్పెడితే వెంటనే చూపించాలి. తర్వాత బిగుతు మేజోళ్లు వేసుకోమన్నారు. మన ఎండల్లో పెనం ముందు అవేసుకుని నిలబడటం... అమ్మ తిట్లు ఇక్కడ రాయలేను.

ఇప్పుడు నా బెంగ మిర్యాలగూడ బావ గురించి. రైసుమిల్లులో హమాలీ. చీలమండ పైన లోపలివైపు చర్మం నల్లబడి, ఆర్నెల్లుగా పుండు మానట్లేదు. షుగర్ పుండు అనుకున్నాడు, టెస్టు చేయిస్తే షుగరే లేదు. ఆరోగ్యశ్రీలో ఏ పద్ధతికి వర్తిస్తుందో ఆరోగ్యమిత్రను అడిగి పెట్టమన్నాను. "వడ్ల సీజన్ అయినంక చూద్దాం బావా" అంటాడు. నిన్న అమ్మే ఫోన్ అందుకుంది. "అది నరం కాదురా అయ్యా, సిర! సోమారం బస్సెక్కు, నేనొస్త" అంది.