డ్రాగన్ మేసిన గొర్రెకు ఖరీదు కట్టేదెవరు?

"మా అబ్బాయి ఇటుకంత లావు ఇంగ్లీషు నవలలు చదువుతున్నాడు. అట్టమీద కత్తి, లోపల రక్తం, మధ్యమధ్య డ్రాగన్లు. అంత సేపు కూర్చుని చదవడానికి వాటిలో ఏముందండీ?" బళ్ళారిలోనైనా, బరంపురంలోనైనా, సోలాపూరులోనైనా, యానాంలోనైనా ఈ ప్రశ్న వేయని తల్లిదండ్రులు తక్కువ. న్యాయమైన ప్రశ్నే. ఒక్క మాటలో తేలేది కాదు కనుక ఈసారి మన శీర్షిక మొత్తం దానికే కేటాయిస్తున్నాను.

రాజులు, రాక్షసులు, మాయలు మనకు కొత్త కాదు. 'చందమామ'లో దాసరి సుబ్రహ్మణ్యంగారి 'తోకచుక్క', 'కంచుకోట', 'రాకాసి లోయ' వంటి సీరియళ్ళ కోసం నెలనెలా పోస్టుమాన్ దారి కాచిన తరాలు మన ఇళ్ళలో ఉన్నాయి. చిన్నప్పుడు ధైర్యం గెలవాలి, దుర్మార్గం ఓడాలి. అలా ముగిసే కథలే పసివాళ్ళకు కావాలి. కాని వయసు వచ్చాక మనకు ఇంకో సందేహం పుడుతుంది. పట్టాభిషేకం అయిన మర్నాడు రాజుగారి ఖజానాలో ఎంత మిగిలింది? సైన్యం తొక్కిన చేలకు పరిహారం ఎవరిచ్చారు?

ఆ సందేహాన్ని పట్టుకుని నవలలు రాసినవాడు అమెరికా రచయిత జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్. 'ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్' అనే వరుసలో మొదటి సంపుటం 'ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్' 1996లో, అయిదోది 'ఎ డాన్స్ విత్ డ్రాగన్స్' 2011లో వెలువడ్డాయి. 2011 నుంచి 2019 దాకా వచ్చిన టీవీ సీరియల్‌తో ఆ పేరు ఇంటింటికీ తెలిసింది. పదిహేనో శతాబ్దంలో ఇంగ్లండు సింహాసనం కోసం యార్క్, లాంకాస్టర్ వంశాలు చేసుకున్న యుద్ధాలు ఈ కథకు ఒక ప్రేరణ. ఈ రచనలో గొప్పతనం రక్తపాతంలో ఉందని కొందరంటారు. నాకు మాత్రం దాని గొప్పతనం లెక్కలు దాచకపోవడంలో కనిపించింది. బ్యాంకు ఉద్యోగి చూపు కదా అంటారేమో, కాస్త వినండి.

మొదటి సంపుటంలో నెడ్ స్టార్క్ అనే నిజాయితీపరుడు రాజుగారికి ప్రధానమంత్రిగా రాజధానికి వస్తాడు. అతని గౌరవార్థం వీరుల పోటీలు పెట్టాలని రాజు హుకుం. ఈటెల పోరులో గెలిచినవాడికి 40,000 బంగారు నాణేలు, రెండోవాడికి 20,000, కలగాపులగపు యుద్ధంలో గెలిచినవాడికి 20,000, విలుకాడికి 10,000. మొత్తం 90,000. డబ్బు ఎక్కడుందని నెడ్ అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. పాత రాజు నిండుగా వదిలి వెళ్ళిన ఖజానా ఖాళీ అయింది. పైగా 60 లక్షల నాణేలకు మించిన అప్పు. అందులో పెద్ద వాటా రాణిగారి పుట్టింటివారికి ఇవ్వవలసింది. ఆ ఒక్క సంభాషణతో మనకు అర్థమవుతుంది: రాజ్యం రాజుది కాదు, రుణదాతలది. తర్వాతి సంపుటాల్లో జరిగే ఘోరాలకు బీజం అక్కడే పడింది. కత్తి దూసిన చప్పుడు వినబడక ముందే లెడ్జరు ఆ సంగతి చెప్పేసింది.

ఆ అప్పులవాళ్ళలో సముద్రం అవతల బ్రావోస్ నగరపు 'ఐరన్ బ్యాంక్' కూడా ఉంది. నాలుగో సంపుటంలో రాణి సెర్సీ ఆ బ్యాంకుకు వాయిదాలు ఆపేస్తుంది. రాజుల మీద ఎవడు దావా వేస్తాడులే అని ధీమా. బ్యాంకు కేకలు వేయదు, సైన్యం పంపదు. అయిదో సంపుటంలో సింహాసనానికి పోటీదారు ఉన్న చోటుకు తన మనిషిని పంపించి బేరం మొదలుపెడుతుంది. మాయామంత్రాలున్న లోకంలో ఇంతకన్నా భయపెట్టే ఘట్టం నాకు తోచలేదు. మొండిబాకీల ఫైళ్ళు చూసినవారికి ఇందులో కల్పన ఎంత తక్కువో తెలుస్తుంది.

ఇక డ్రాగన్ల సంగతి. డెనేరిస్ అనే యువరాణికి మూడు డ్రాగన్లున్నాయి. పాఠకులందరికీ ముచ్చటే. అవి పెరుగుతాయి, వాటికి ఆకలి వేస్తుంది. మీరీన్ నగరంలో ఆమె కొలువు తీరితే గొర్రెల కాపరులు కాలిన ఎముకలు తెచ్చి ముందు పోస్తారు. ఆమె ఖరీదు కట్టి ఇప్పిస్తుంది. కొన్ని దొంగ లెక్కలేమోనని కొలువువారికి అనుమానం. అంతవరకు మనమూ నవ్వుకుంటూనే చదువుతాం. ఒకనాడు ఒక తండ్రి ఎముకలు తెస్తాడు. అవి గొర్రెవి కావు, అతని చిన్న కూతురివి. దానికి ఏ ఖరీదు కట్టాలి? డెనేరిస్ అతనికి డబ్బు ఇప్పిస్తుంది, చేతికందిన రెండు డ్రాగన్లను చీకటి గోతిలో సంకెళ్ళు వేయిస్తుంది. మూడోది దొరకదు. కోరుకున్న శక్తి చేతికొచ్చాక దానికి పూచీ ఎవరన్నది ఆ ఎముకల మూట అడిగిన ప్రశ్న. ఆ పేజీ దాటాక డ్రాగన్‌ను ముద్దుగా చూడడం ఎవరికీ సాధ్యం కాదు.

ఉత్తరాన 700 అడుగుల ఎత్తున, 300 మైళ్ళ పొడవున ఒక మంచు గోడ ఉంటుంది. 1981లో మార్టిన్ ఇంగ్లండులో రోమన్లు కట్టిన హాడ్రియన్ గోడ మీద నిలబడినప్పుడు కలిగిన ఊహ అది. గోడ కాపలాకు ఒకప్పుడు పదివేలమంది; కథాకాలానికి వెయ్యిమంది కూడా లేరు. అక్కడ నాయకుడైన జాన్ స్నో యువకుడు. అతని చేత రచయిత చేయించిన గొప్ప పనుల్లో ఒకటి, ధాన్యం కొట్లలోకి దిగి మూటలు లెక్కపెట్టించడం. ఏళ్ళ తరబడి సాగే చలికాలం వస్తోంది. గోడ అవతలి జనాన్ని లోపలికి రానిస్తే ప్రాణాలు నిలుస్తాయి, కాని తినే నోళ్ళు పెరుగుతాయి. తిండి కొనడానికి అతను కూడా ఐరన్ బ్యాంకు దగ్గరే అప్పు చేస్తాడు. ఒకే బ్యాంకు, ఇద్దరు రుణగ్రస్తులు. ఒకరు దర్పం కోసం అప్పు ఎగ్గొట్టారు, మరొకరు పదిమంది కడుపు కోసం అప్పు చేశారు. ధర్మం గురించి ఉపన్యాసం లేకుండానే తేడా తెలిసిపోయింది.

నాలుగో సంపుటంలో మెరిబాల్డ్ అనే బీద సన్యాసి కనిపిస్తాడు. యుద్ధం వదిలి పారిపోయి దోపిడీలకు దిగినవాళ్ళ గురించి దారిలో మాట్లాడతాడు. వాళ్ళు పుట్టు దొంగలు కారు, ఊరు దాటి ఎరగని రైతు బిడ్డలు అని చెబుతాడు. చిన్నతనంలో తానూ యుద్ధానికి పోయినవాడే. తనతో వచ్చినవాడొకడు వంటింటి కత్తి పట్టుకుని బయలుదేరి, ఒక్క దెబ్బ కొట్టకుండానే జ్వరంతో పోయాడట. ఏ రాజు చరిత్రలోనూ ఆ కుర్రవాడి పేరుండదు. ఈ నవలలో ఉంది.

అంటే క్రూరత్వం ఎంత ఎక్కువైతే కథ అంత నిజమా? కానే కాదు. ఇక్కడే చాలామంది రచయితలు, పాఠకులు దారి తప్పుతున్నారు. తల తెగడం వాస్తవికత కాదు. తెగిన తల వెనక ఇంటి పరిస్థితి ఏమిటన్నది వాస్తవికత. జో అబర్‌క్రాంబీ 2006లో రాసిన 'ది బ్లేడ్ ఇట్‌సెల్ఫ్' చూడండి. అందులో గ్లోక్టా ఒకనాటి గొప్ప కత్తిసాము వీరుడు. శత్రువుల చెరలో చిత్రహింసలకు గురై, ఇప్పుడు తానే ఇతరులను హింసించే ఉద్యోగం చేస్తున్నాడు. అతనికి అన్నిటికన్నా పెద్ద శత్రువు మెట్లు. ఒక్కొక్క మెట్టూ ఎక్కుతుంటే ఆ కాలి నొప్పి మనకు తెలుస్తుంది. వాడిని మెచ్చుకోలేం, అలాగని ముఖం తిప్పుకోనూ లేం. హింస ఒక శరీరం మీద ఏళ్ళ తరబడి వడ్డీతో సహా ఎలా వసూలవుతుందో అందులో ఉంది.

మార్టిన్‌లోనూ లోపాలున్నాయి. ఆడవాళ్ళ మీద జరిగే అత్యాచారాల ప్రస్తావన కొన్నిచోట్ల కథ అవసరాన్ని మించిపోయింది. చివరి రెండు సంపుటాల్లో కథ చెరువు కట్ట తెగినట్లు నలువైపులా పారింది. ఏడు సంపుటాలన్నారు; నేనిది రాసేనాటికి ఆరోది రాలేదు. ముగింపు చూడందే నిద్రపట్టనివారు ఈ సంగతి తెలుసుకుని మొదలుపెట్టాలి. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లల చేతికి ఇవ్వవలసినవి కావు. మొదటి మూడు సంపుటాలు మాత్రం పెద్దవాళ్ళు ధైర్యంగా చదవవచ్చు.

పాత పద్ధతి కథలను దీనితో కొట్టిపారేయవలసిన పని లేదు. టోల్కీన్ 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' (1954-55) అంటే మార్టిన్‌కు ఎంతో గౌరవం. అయినా 2014లో ఒక పత్రికతో మాట్లాడుతూ, అరగార్న్ మంచి రాజు అయ్యాడంటే చాలా, అతని పన్నుల విధానం ఏమిటి, కరువు వస్తే ఏం చేశాడు అని అడిగాడు. టోల్కీన్‌కు యుద్ధం తెలియక కాదు, 1916లో సోమ్ యుద్ధరంగంలో ఉన్నవాడు. ఆయన చూడదలచుకున్నది వేరు, ఈయన చూపదలచుకున్నది వేరు.

మనవాళ్ళకు మాత్రం ఈ చూపు పరాయిది కాదు. భారతయుద్ధం పద్దెనిమిదో రోజుతో వ్యాసుడు గంటం కింద పెట్టలేదు. స్త్రీపర్వం రాశాడు. తిక్కనగారు తెలుగులోకి తెచ్చిన పదిహేను పర్వాలలో అదీ ఒకటి. శవాల మధ్య తిరుగుతూ గాంధారి అడిగిన లెక్కకు కృష్ణుడంతటివాడు శాపం పట్టవలసి వచ్చింది. గెలిచిన ధర్మరాజుకు రాజ్యమే రుచించలేదు.

కనుక పిల్లవాడి చేతిలో అట్టమీద కత్తి ఉన్న పుస్తకం కనబడితే లాక్కోకండి, పొగడనూ వద్దు. వాడు ఆ వయసుకు వచ్చినవాడైతే పక్కన కూర్చుని మూడు సంగతులు అడగండి. ఇందులో శక్తికి మూల్యం చెల్లించిందెవరు? పేరులేని మనిషికి జరిగిన నష్టం ఎక్కడైనా కనబడిందా? గెలిచినవాడు మర్నాడు పొద్దున ఏం చేశాడు? మూడింటికీ జవాబున్న పుస్తకమైతే, అది ఎంత లావైనా, చదివిన కాలం దండుగ కాదు. ఒక్కదానికీ జవాబు లేకపోతే అందులో ఉన్నది ఉత్త రక్తమే. అలాంటివి వాడు తనంతట తానే పక్కన పెట్టేస్తాడు.