అడవికి వెళ్లొచ్చిన సంగతి డాక్టరుకు చెప్పారా?

కార్తీకం రాగానే గోదావరి జిల్లాల కార్లన్నీ కొండదారి పడతాయి. సంక్రాంతి సెలవులు అయ్యేదాకా ఆ సందడి తగ్గదు. తెల్లవారుజామున రాజమహేంద్రవరంలో బయల్దేరితే గోకవరం, రంపచోడవరం మీదుగా టిఫిను వేళకు మారేడుమిల్లి చేరుకోవచ్చు. ఆ రాత్రి అక్కడే మకాం. మర్నాడు ఘాట్‌ రోడ్డు దిగి చింతూరు, కుంట, సుక్మా దాటితే జగదల్‌పూర్‌. తీరథ్‌గఢ్‌, చిత్రకోట్‌ జలపాతాలు చూసుకుని, కొరాపుట్‌ మీదుగా అరకు వచ్చి, కాఫీ తాగి ఇంటిదారి పడతారు. నాలుగైదు రోజుల ప్రయాణం.

ఈ ఒక్క చుట్టులోనే రెండు జాతీయ ఉద్యానవనాలు తగులుతాయి. మొదటిది మన పాపికొండలు. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ అడవికి 2008లో జాతీయ ఉద్యానవనం హోదా వచ్చింది. విస్తీర్ణం వెయ్యి చదరపు కిలోమీటర్ల పైమాటే. రెండోది ఛత్తీస్‌గఢ్‌లోని కాంగేర్‌ లోయ. 1982 నుంచి జాతీయ ఉద్యానవనం. కుటుంసర్‌ గుహలు, తీరథ్‌గఢ్‌ జలపాతం, మనిషిలా మాటలు పలికే కొండమైనా... అన్నీ ఆ లోయలోనివే.

నేనూ పిల్లల్ని తీసుకుని ఈ దారిలో వెళ్లొచ్చాను. మళ్లీ వెళతాను. కాబట్టి అడవికి వెళ్లొద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. తప్పకుండా వెళ్లండి. అయితే ఇంటికి తిరిగొచ్చి, బట్టలు ఉతుక్కుని, ఫొటోలు అందరికీ పంపేశాక ప్రయాణం అయిపోయిందనుకుంటాం కదా, అక్కడే పొరబడుతున్నాం. వైద్యుడి లెక్కలో అది ఇంకో నెల రోజులు నడుస్తూనే ఉంటుంది.

‘టూర్‌ కాదు సార్‌, కిరాయి’

కొన్నేళ్ల క్రితం, డిసెంబరులో, నేను పనిచేసే ఆసుపత్రికి ముప్ఫై ఏళ్ల యువకుణ్ని తీసుకొచ్చారు. ఐదు రోజులుగా జ్వరం. అప్పటికే రెండుచోట్ల చూపించారు. ఒకచోట వైరల్‌ జ్వరమని సెలైన్లు ఎక్కించారు. ఇంకోచోట వైడాల్‌ పరీక్ష చేసి టైఫాయిడ్‌ అని యాంటీబయాటిక్‌ ఇంజెక్షన్లు ఇచ్చారు. ప్లేట్‌లెట్లు తగ్గడంతో డెంగీ ఏమోనన్న భయంతో మా దగ్గరికి వచ్చారు. కళ్లు పచ్చబడ్డాయి. మాట తడబడుతోంది.

భార్యను అడిగాను. ‘‘ఈమధ్య ఎక్కడికైనా టూర్‌ వెళ్లొచ్చారా అమ్మా?’’

‘‘లేదండీ, ఎక్కడికీ వెళ్లలేదు’’ అంది.

సరే అనుకున్నాను. డెంగీ పరీక్షకు పంపాను, కామెర్ల పరీక్షలు రాశాను. మలేరియా పరీక్ష రాయలేదు. ఆ తప్పు నాది.

మర్నాడు పొద్దున అతని స్నేహితుడు చూడటానికి వచ్చాడు. మాటల్లో మాటగా ‘‘మొన్ననే కదా సార్‌, కిరాయికి మారేడుమిల్లి, జగదల్‌పూర్‌ తిరిగొచ్చాడు. రెండు వారాలైనా కాలేదు’’ అన్నాడు. రోగి కారు డ్రైవరు. అతను తీసుకెళ్లిన కుటుంబం గదుల్లో పడుకుంది. అతను మాత్రం వాగు పక్కన కారు ఆపుకొని, ఉక్కపోయకుండా అద్దాలు దించి, సీటు వెనక్కి వాల్చుకుని రెండు రాత్రులు గడిపాడు. భార్య అబద్ధం చెప్పలేదు. వాళ్ల ఇంట్లో అది టూర్‌ కాదు, డ్యూటీ. తప్పంతా నేను అడిగిన ప్రశ్నలో ఉంది.

వేలి చివర చిన్న రక్తపు చుక్క తీశాం. పావుగంటలో తేలింది. ఫాల్సిపారం మలేరియా. అప్పటికే మెదడు మీద, మూత్రపిండాల మీద ప్రభావం మొదలైంది. ఆర్టెసునేట్‌ ఇంజెక్షన్లు ఇచ్చాం. మూడుసార్లు డయాలసిస్‌ చేయాల్సి వచ్చింది. బతికాడు. మళ్లీ స్టీరింగ్‌ పట్టడానికి రెండు నెలలు పట్టింది. ఇంకో రోజు ఆలస్యమైతే ఏమయ్యేదో అతని భార్యకు నేను చెప్పలేదు. ఆ తర్వాత జ్వరంతో వచ్చిన ఎవరినీ నేను ‘టూర్‌ వెళ్లారా’ అని అడగడం లేదు. ‘ఈ నెలలో ఏయే రాత్రులు ఇంట్లో పడుకోలేదు?’ అని అడుగుతున్నాను.

లెక్క ఇలా వేయాలి

మలేరియా దోమ కుట్టిన మర్నాడే జ్వరం రాదు. ఆ క్రిమి ముందు కాలేయంలో చేరి పెరుగుతుంది, తర్వాతే రక్తంలోకి దిగుతుంది. ప్రమాదకరమైన ఫాల్సిపారం రకంలో దోమ కుట్టాక జ్వరం రావడానికి సాధారణంగా 7 నుంచి 14 రోజులు పడుతుంది. ఒక్కోసారి ఇంకా ఆలస్యం కావచ్చు. వైవాక్స్‌ రకమైతే కాలేయంలో నెలల తరబడి నిద్రపోయి, తర్వాత లేస్తుంది.

అంటే జ్వరం వచ్చేసరికి మీరు ఆఫీసులో ఉంటారు. ప్రయాణం సంగతి మర్చిపోయి ఉంటారు. పిల్లలకు పరీక్షలు నడుస్తుంటాయి. ‘నిన్న వానలో తడిశాను’, ‘బయట బజ్జీలు తిన్నాను’ అని దగ్గరి కారణాలే గుర్తొస్తాయి. రెండు వారాల కిందటి రాత్రి గుర్తుకు రాదు.

ఇక మైదాన ప్రాంతపు వైద్యుల సంగతి. మా ఓపీలో రోజూ పదుల సంఖ్యలో జ్వరాలు చూస్తాం. వాటిలో మలేరియా అరుదు కాబట్టి ముందుగా తట్టదు. పైగా మలేరియాలోనూ ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఆ అంకె చూడగానే అందరి మనసూ డెంగీ వైపు పోతుంది. ‘రోజు విడిచి రోజు చలి, వణుకు’ అని పుస్తకాల్లో చదువుకున్న చలిజ్వరం ఫాల్సిపారంలో అంత క్రమంగా రాదు. జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు, వాంతులు, ఒక్కోసారి విరేచనాలు మాత్రమే ఉండొచ్చు. చూడటానికి మామూలు జ్వరంలాగే ఉంటుంది. మామూలుగా ఉన్న రోజుల్లోనే పట్టుకుంటే మూడు రోజుల మాత్రలతో చాలామందికి తగ్గిపోతుంది. ముదిరితే ఐసీయూ.

మలేరియాను మోసేది దోమేనని రొనాల్డ్‌ రాస్‌ కనుక్కున్నది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. ‘మన్యం జ్వరం’ అన్న మాట మన తాతలకు తెలుసు. పట్నాల్లో ఆ జ్వరం తగ్గుముఖం పట్టడం మంచిదే. దానితోపాటు ఆ అనుమానం కూడా మన బుర్రల్లోంచి పోవడమే ప్రమాదం.

ఆశా కార్యకర్తను చూసి నేర్చుకోవాలి

ఏజెన్సీ గ్రామంలో ఎవరికైనా ఒళ్లు వెచ్చబడితే ఆశా కార్యకర్త మొదట చేసే పని వేలిమీద సూది గుచ్చి మలేరియా పరీక్ష చేయడం. కొండరెడ్లు, కోయల గూడేల్లో ఆ కిట్టు ఆమె సంచిలోనే ఉంటుంది. అన్ని హంగులూ ఉన్న పట్నంలో అదే జ్వరానికి ముందు సెలైను పెడతాం, తర్వాత యాంటీబయాటిక్‌ ఇస్తాం, నాలుగో రోజు పరీక్షల గురించి ఆలోచిస్తాం. ఈ విషయంలో వెనకబడింది ఏజెన్సీ కాదు, మనమే.

ఆ పరీక్ష మీ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ ఉచితమే. ఫలితం 15 నుంచి 20 నిమిషాల్లో వస్తుంది. మందులూ ఉచితమే. ఒక్క మాట గుర్తుంచుకోండి. మొదటి పరీక్షలో మలేరియా లేదని వచ్చినా జ్వరం తగ్గకపోతే ఒకటి రెండు రోజుల్లో మళ్లీ చేయించాలి. వైవాక్స్‌ అని తేలితే కాలేయంలో దాగిన క్రిమి కోసం ప్రైమాక్విన్‌ మాత్రలు ఇస్తాం. జ్వరం తగ్గింది కదా అని వాటిని మధ్యలో ఆపేస్తే రోగం తిరగబెడుతుంది. గర్భిణులకు ఆ మందు ఇవ్వం కాబట్టి, గర్భం ఉంటే ముందే చెప్పాలి.

మలేరియా కాదని తేలినా అడవి మాట చెప్పడం వృథా కాదు. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని చిన్న పురుగు కుడితే స్క్రబ్‌ టైఫస్‌ అనే జ్వరం వస్తుంది. ఇది కూడా వారం, పది రోజుల తర్వాతే బయటపడుతుంది. చంకలో, గజ్జల్లో, నడుము దగ్గర చుట్టతో కాల్చినట్టు నల్లటి పొక్కు కనిపించవచ్చు. నొప్పి ఉండదు కాబట్టి రోగి గమనించడు, బట్టలు తొలగించి వెతికితేగానీ డాక్టరుకు కనపడదు. డాక్సీసైక్లిన్‌ లాంటి చవకైన మందుకే లొంగుతుంది. పట్టించుకోకపోతే ఊపిరితిత్తుల దాకా వెళుతుంది.

బయల్దేరే ముందు

వానాకాలంలోనూ, వానలు తగ్గాక వచ్చే నెలల్లోనూ కొండవాగుల పక్కన దోమలు ఎక్కువ. మలేరియా దోమ ప్రధానంగా రాత్రిపూట కుడుతుంది. కాబట్టి పగలు జలపాతం చూసొచ్చినంత మాత్రాన పెద్ద భయం అక్కర్లేదు. రాత్రి బస ఎక్కడన్నదే ముఖ్యం. కిటికీలకు జాలీ ఉన్న గది, లేదంటే దోమతెర. సాయంత్రం నుంచి నిండు చేతుల చొక్కా, పొడవు ప్యాంటు. బయట ఉన్న ఒంటికి దోమల్ని తరిమే క్రీము. నెగడు దగ్గర పాటలు పాడుకునే వేళ కూడా ఇవి తప్పవు. నెగడు పొగ రక్షిస్తుందని నమ్ముకోవద్దు.

వాగు ఒడ్డున గుడారాల్లో పడుకునే వారు, అడవిలో ఎక్కువ రాత్రులు ఉండేవారు నివారణ మందుల గురించి ముందే డాక్టరును అడగండి. కొన్నిటిని ప్రయాణానికి ముందే మొదలుపెట్టి, తిరిగొచ్చాక నాలుగు వారాలు కొనసాగించాలి. అవి అందరికీ పడవు. డాక్సీసైక్లిన్‌ను గర్భిణులకు, ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ఇందుకోసం ఇవ్వం. మందుల షాపులో అడిగి వేసుకునే వ్యవహారం కాదిది. గర్భిణులకు, ఐదేళ్లలోపు పిల్లలకు మలేరియా వస్తే తీవ్రమయ్యే ప్రమాదం ఎక్కువ. వాళ్లను అడవిలో రాత్రి ఉంచకపోవడమే మేలు.

గుడారంలో నేలమీద పడుకునే వారికి ఇంకో హెచ్చరిక. కట్లపాము రాత్రిళ్లు తిరుగుతుంది. కాటు వేసినా పెద్దగా నొప్పి, వాపు ఉండవు. తెల్లవారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం మొదలైతే అజీర్తి అనుకుని సోడా తాగిస్తూ కూర్చోవద్దు. ఏ పాము కరిచినా కోయడం, పీల్చడం, తాడుతో బిగించి కట్టడం చేయకూడదు. ఆ కాలునో చేతినో కదలకుండా ఉంచి ఆసుపత్రికి తరలించాలి. ఈ దారిలో రంపచోడవరం, చింతూరు, భద్రాచలంలో ప్రభుత్వాసుపత్రులున్నాయి. జగదల్‌పూర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. ఘాట్‌లో చాలాచోట్ల ఫోను సిగ్నల్‌ అందదు. అందుకే మీ బసకు దగ్గరి ఆసుపత్రి ఏదో బయల్దేరే ముందే కాగితం మీద రాసుకోండి. బీపీ, షుగరు మందులు రెండు రోజులకు ఎక్కువే పెట్టుకోండి. దారిలో కోతులకు అరటిపళ్లు ఇవ్వడం మానండి. కరిస్తే, రక్తం వచ్చేలా గీరినా, సబ్బుతో పావుగంట కడిగి రేబిస్‌ టీకా వేయించుకోవాల్సిందే.

డ్రైవరుకు పడక ఉందా?

చివరిగా, ఆ డ్రైవరు నాకు నేర్పిన సంగతి. గది మాట్లాడుకునేటప్పుడు డ్రైవరు ఎక్కడ పడుకుంటాడో కూడా అడగండి. బస ఉంటే సరే. లేకపోతే ఓ దోమతెర, ఓ క్రీము ట్యూబు మీ సామానుతో పాటు అతనికీ తీసుకెళ్లండి. మొత్తం కిరాయిలో అది ఏపాటి ఖర్చు? నిద్ర చాలిన డ్రైవరు మర్నాడు ఘాట్‌ రోడ్డు మీద మీ ప్రాణాలకూ భరోసా. తిరిగొచ్చిన రెండు వారాలకు మీ ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే అతనికి ఫోను చేయండి. ‘తమ్ముడూ, ఒంట్లో బాగానే ఉందా? మాకు జ్వరం వచ్చింది, నువ్వూ పరీక్ష చేయించుకో’ అని చెప్పండి. అతనికి ఈ మాట చెప్పేవాళ్లు వేరే ఎవరూ ఉండరు.

నా తోటి వైద్యులకూ ఒక మనవి. ఓపీ చీటీ మీద ‘జ్వరం, 3 రోజులు’ అని రాసేటప్పుడు, దాని పక్కనే ‘నెలలో ఊరు దాటారా?’ అని మరో ముక్క రాద్దాం. పది సెకన్ల పని. నేను అడగాల్సిన తీరులో అడగనందుకు ఒకతను ఒక రోజు నష్టపోయాడు.

మీ వరకూ చేయాల్సింది ఇంకా సులువు. ప్రయాణం నుంచి రాగానే క్యాలెండరులో ఆ తేదీల మీద గుండ్రంగా గీత గీయండి. నెలలోపు ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా, పారాసెటమాల్‌తో రోజులు నెట్టకుండా ఆరోజే ఆసుపత్రికి వెళ్లండి. డాక్టరు అడిగేదాకా ఆగొద్దు. కుర్చీలో కూర్చోగానే మీరే చెప్పండి: ‘డాక్టరుగారూ, ఫలానా తేదీల్లో అడవిలో రాత్రి ఉండి వచ్చాం. మలేరియా పరీక్ష కూడా చేయండి.’