అనుమానం మోసిన రొజానా

విల్కీ కాలిన్స్ ‘ది మూన్‌స్టోన్’ 1868లో డికెన్స్ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. శ్రీరంగపట్నం నుంచి దోచుకుపోయిన వజ్రం యార్క్‌షైర్ బంగళాలో మాయమైతే, సార్జెంట్ కఫ్ చూపు పనిమనిషి రొజానా స్పియర్‌మన్ మీద పడుతుంది. ఒకప్పటి దొంగ, భుజానికి అవకరం, నా అన్నవాళ్లు లేరు. నిజానికి (కథ చదవనివారు మన్నించాలి) ఆమె దాచింది వజ్రాన్ని కాదు. తను మూగగా ప్రేమించిన ఫ్రాంక్లిన్ బ్లేక్ మీదికి నేరం రాకుండా, రంగు మరకంటిన అతని నైట్‌గౌన్‌ని. అతను ఆమెను పట్టించుకోనే లేదు. చివరికి సముద్రపు ఒడ్డున ఊబిలో ప్రాణం తీసుకుంది. వజ్రం కోసం ఇల్లంతా గాలించినవాళ్లలో ఆమె మనసు తెలుసుకోబోయినవారు దాదాపు లేరు.

నేరం చేయకుండానే అనుమానం మోసిన ఇలాంటి పాత్రలకే ఈ సంచిక. చనిపోయే ముందు రొజానా ఫ్రాంక్లిన్‌కి రాసిన ఉత్తరం మీద వ్యాసాన్ని ముందుగా చదవండి.