ఉప్పు - సీమ బిడ్డల భవిష్యత్తు

ఉప్పులేని కూడు రుచింపదని యెల్లరకు దెలియును. అయోడినులేని యుప్పు పసిబిడ్డల బుద్ధికి చేటు తెచ్చునని యెరిగినవారు కొందరే.

కర్నూలు, కడప జిల్లాలవారికి రాళ్ళ యుప్పునందు మక్కువ మెండు. సముద్రమునుండి వచ్చినది గనుక సర్వసారములు నందుండునని వారి నమ్మకము. ఇది భ్రాంతియని మేము స్పష్టముగ జెప్పుచున్నాము. మడులలో నెండిన యుప్పునందు సహజముగ మిగులు నయోడిను అత్యల్పము. దానిని వేరుగ కలుపవలసినదే.

కంఠమందలి థైరాయిడు గ్రంథి తన రసమును సిద్ధపరచుటకు అయోడిను కావలెను. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కను దినమునకు పెద్దలకు 150, గర్భిణికి 250 మైక్రోగ్రాములు వలయును. గ్రామును నాలుగువేల పాళ్ళు చేసిన గర్భిణికి కావలసినది యొక్క పాలు! ఆ యొక్క పాలు కొరవడిన గలగండము పుట్టుటయే గాక, గర్భస్థశిశువు మెదడు వికసింపకపోవచ్చును. పిదప నెన్ని పాఠశాలలు పెట్టినను ఆ లోటు పూర్తిగ తీరదు.

శ్రీకాకుళమున జన్మించిన డాక్టరు వులిమిరి రామలింగస్వామిగారు 1956లో కాంగ్రా లోయయందు పరిశోధన నారంభించి, అయోడిను కలిపిన యుప్పు గలగండమును తగ్గించునని నిరూపించిరి. 1962లో ప్రభుత్వము గలగండ నివారణమునకు జాతీయ కార్యక్రమమును చేపట్టెను. అయోడినులేని యుప్పును ఆహారమునకై విక్రయించుట 2006 నుండి నిషిద్ధము.

శాసనము కాగితముపై నున్న చాలదు. అధికారులు సంతలలోని యుప్పును పరీక్షింపవలెను. చౌకధరల దుకాణములలో మంచి యుప్పు నిత్యము దొరకవలెను. గృహిణులు దానిని మూతగల జాడీలో, తేమకును పొయ్యివేడికిని దూరముగ నుంచవలెను.

ఉప్పుపన్నును ధిక్కరించి 1930లో చెరసాలల కేగిన జాతికి, బిడ్డల మేధస్సును గాచు నుప్పును అడిగి తీసికొనుటకు సంకోచమేల?