తెర కింద వాద్యబృందం

2019 అక్టోబరు 19న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో ‘బాహుబలి: ది బిగినింగ్’ ఆడింది. తెర మీద ప్రభాస్, తెర కింద రాయల్ ఫిల్హార్మోనిక్ కాన్సర్ట్ ఆర్కెస్ట్రా! ఆ హాల్లో ఇలా వాద్యబృందంతో ప్రదర్శించిన తొలి ఆంగ్లేతర చిత్రం అదే. మన కీరవాణి స్వరాలకు అక్కడ బృందాన్ని నడిపినవాడు లుడ్విగ్ విక్కీ. 2008లో లూసర్న్‌లో ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ తొలి భాగానికి ఈ పని చేసి చూపిన స్విస్ సంగీత నిర్దేశకుడాయన.

పని వినడానికి తేలికే. సినిమాలోంచి సంగీతాన్ని తీసేసి, మాటలు, శబ్దాలు ఉంచుతారు. నిర్దేశకుడి ఎదుట చిన్న తెర. దాని మీద అడ్డంగా కదిలే రంగు గీతలు, వెలిగే చుక్కలు. వాటిని చూస్తూ లయ పట్టాలి. కత్తి దూసిన క్షణం దాటాక డప్పు మోగితే నవ్వులపాలే. నటుడు ఆగడు కదా!

లోపాలూ లేకపోలేదు. ఇత్తడి వాద్యాలు విజృంభిస్తే సంభాషణలు మునిగిపోతాయి. కథ తెలియనివాళ్లకు ఇది మొదటి వీక్షణంగా పనికిరాదు.

అయినా మనకిది కావాలి. పాటకు ఈలలేసే తెలుగు ప్రేక్షకుడికి నేపథ్య సంగీతం వెనకున్న మనుషులు కనిపించేది ఇలాగే. 2025 మేలో అదే హాల్లో ‘ఆర్ఆర్ఆర్’ కూడా ఆడింది. హైదరాబాద్, విశాఖల్లోనూ ఇలాంటివి తరచూ జరగాలి. అందుకు నిర్మాతలు ముందుగా స్వరపత్రాలను, విడివిడి ట్రాకులను భద్రపరచాలి.